తిరుగు ప్రయాణము – బిడ్డల లెక్క

పరదేశం పోయేవాడికి పదిమంది సలహా చెబుతారు. తిరిగి వచ్చేవాడికి చెప్పేవారు ఉండరు. అందులోనూ ఒంటరిగా పోయి, ఒళ్లో ఒక బిడ్డతో, వేలు పట్టుకున్న మరో బిడ్డతో దిగిన తల్లిని చూస్తే చుట్టపక్కాలు ముందు సామాను చూస్తారు, తర్వాత పిల్లల్ని చూస్తారు, ఆపైన చాటుగా మాట్లాడుకుంటారు. భార్యను అక్కడి మట్టిలో పెట్టి పిల్లలతో వచ్చిన తండ్రి పరిస్థితీ అంతకంటే మేలేమీ కాదు. ఇలా వచ్చినవారికి సర్కారు నుంచి న్యాయంగా రావలసినదేమిటి, అది ఎప్పటి నుంచి ఎలా ఏర్పడుతూ వచ్చింది అన్నదే ఇక్కడ చెప్పదలచుకున్న విషయం.

మన రాజుపాలెం గల్ఫు ప్రయాణాలకు పేరుబడ్డ చోటు కాదు. ఆ పేరు కడప, రాయచోటి వైపుకీ, గోదావరి జిల్లాలకీ చెందింది. పల్నాటి మనిషి మిరప చేలల్లోనో, పిడుగురాళ్ల సున్నపు బట్టీల దగ్గరో బతుకు వెతుక్కున్నాడు. అయినా కువైట్, సౌదీ, దుబాయి పేర్లు మన ఇళ్లలో కొత్తవి కావు. తక్కువమంది పోయినచోట ఒక చిక్కు ఎక్కువగా ఉంటుంది. కడపలో అయితే వీధికొకడు అనుభవం ఉన్నవాడు దొరుకుతాడు. మన వైపు అలాంటి దరఖాస్తు చూసిన గుమాస్తా కూడా అరుదే. అందుకే చరిత్ర కొంచెం తెలిసి ఉండటం అవసరం.

ఈ చరిత్ర నూటఅరవై ఏళ్ల పైబడినది. మొదటి నుంచి చివరిదాకా చదివితే ఒక సంగతి కనబడుతుంది. తిరిగి వచ్చేవాడికి ఏదైనా వ్రాసి ఇచ్చినప్పుడల్లా ఓడ టికెట్టో విమానం టికెట్టో బాగానే వ్రాశారు, ఇల్లు చేరిన తర్వాతి సంగతి మాత్రం వ్రాయలేదు. బిడ్డను పెద్దవాళ్ల వెనుక సగం మనిషిగా లెక్కవేశారు. ప్రతి హక్కుకీ ఒక గడువు పెట్టారు. ఆ గడువు తెలియనివాడికి హక్కు ఉన్నా లేనట్లే అయింది.

గిరిమిటు కాలం

1860 నవంబరు 16న మద్రాసు నుంచి బయలుదేరిన 'ట్రూరో' అనే ఓడ దక్షిణాఫ్రికాలోని డర్బన్ రేవు చేరింది. నేటాల్ చెరుకు తోటలకు కూలీలను పంపటం దానితో మొదలు. 1911లో ఆపేదాకా 1,52,184 మందిని అక్కడికి తరలించారు. అందులో మూడింట రెండు వంతులు మద్రాసు నుంచి ఎక్కినవారే, వారిలో తెలుగువారు బోలెడుమంది. ముసల్మానులూ ఉన్నారు. డర్బన్‌లో ఈనాటికీ జనం జియారతుకు వెళ్లే బాద్షాపీర్ దర్గా అలా కూలీగా వెళ్లిన ఒక మహనీయునిదే. ఆయన చిత్తూరు వైపువారని చెబుతారు.

ఆ కూలీలు వేలిముద్ర వేసిన కాగితం 'అగ్రిమెంటు'. మనవాళ్ల నోట అది గిరిమిటు అయింది. ఆ కాగితంలో తిట్టవలసినవి చాలా ఉన్నాయి. కాని తిరుగు ప్రయాణం గురించి అది చాలా స్పష్టంగా మాట్లాడింది. ఫిజీ దీవుల అగ్రిమెంటునే చూడండి. మద్రాసు నుంచి ఫిజీకి మనుషులను పంపటం 1903లో మొదలయింది. పదేళ్లు ఆ దీవుల్లో ఉన్నవాడికి తిరుగు ఓడ ఉచితం. పన్నెండేళ్లలోపు వయసులో తల్లిదండ్రుల వెంట పోయిన పిల్లవాడు ఇరవైనాలుగేళ్లు నిండేలోగా అడిగితే అతనికీ ఉచితమే. అక్కడే పుట్టిన బిడ్డకు మాత్రం పన్నెండేళ్లు వచ్చేదాకానే ఆ హక్కు. అదీ తల్లిదండ్రులో సంరక్షకుడో వెంట ఉంటేనే.

ఈ షరతును ఒక్క క్షణం ఆలోచించి చూడండి. పదేళ్ల నివాసం పూర్తయ్యేసరికి మొదటి సంవత్సరంలో పుట్టిన బిడ్డకు తొమ్మిదేళ్లు. తండ్రి ఇంకో మూడేళ్లు ఉండి నాలుగు డబ్బులు వెనకేసుకొని పోదామనుకున్నాడా, పెద్దబిడ్డ హక్కు పోయింది. తమ్ముడి టికెట్టు నిలుస్తుంది, పెద్దవాడికి డబ్బు కట్టాలి. కాగితం చదవలేని మనిషికి ఈ సంగతి రేవులోనే తెలిసేది.

నేటాల్‌వాళ్లు ఇంకో దారి పట్టారు. మనుషుల్ని వెనక్కి పంపటానికి ఆశ చూపటంతో బాటు భయం కూడా పెట్టారు. గిరిమిటు ముగిసి అక్కడే ఉండిపోయినవారిపై 1895 చట్టం ప్రకారం తలకు ఏడాదికి 3 పౌన్ల పన్ను వేశారు. 1903లో దానిని పిల్లలకు కూడా వర్తింపజేశారు. పదహారేళ్లు దాటిన మగపిల్లవాడు, పదమూడేళ్లు దాటిన ఆడపిల్ల కూడా కట్టవలసిందే. నెలకు పది పన్నెండు షిల్లింగుల కూలికి ఇది ఎంత భారమో లెక్క వేసుకోవచ్చు. 1913లో గాంధీగారు నడిపిన పెద్ద సమ్మెకు ఈ పన్ను ఒక ముఖ్య కారణం. ఇంకొక కారణం మన సముదాయానికి సూటిగా తగిలినది. అదే ఏడాది మార్చిలో కేప్ కోర్టు జడ్జి సెర్ల్ ఒక ముస్లిం స్త్రీ విషయంలో తీర్పు చెప్పాడు. ఒకరికంటె ఎక్కువ భార్యలను ఒప్పుకొనే మతపద్ధతిలో జరిగిన పెండ్లి అక్కడి చట్టానికి పెండ్లి కాదన్నాడు. ఒక్క తీర్పుతో నిఖా చెల్లనిదయింది, భార్య భార్య కాకపోయింది, పిల్లల గతి అగమ్యగోచరమయింది. 1914 చట్టం ఆ పన్ను ఎత్తివేసి, ఒక భార్యకూ ఆమె మైనరు పిల్లలకూ గుర్తింపు ఇచ్చింది. నిఖానామా పెట్టెలో పెట్టి మరచిపోయే కాగితం కాదని ఆనాడే తేలిపోయింది.

కేప్‌టౌన్ ఒడంబడిక

మన వ్యాసానికి అసలు ఘట్టం 1927 నాటిది. దక్షిణాఫ్రికా ప్రభుత్వంతో మాట్లాడేందుకు 1926 చివర భారతదేశం నుంచి ఒక ప్రతినిధివర్గం కేప్‌టౌన్ వెళ్లింది. దానికి నాయకుడు మద్రాసు రాజధానికి చెందిన సర్ ముహమ్మద్ హబీబుల్లా సాహెబుగారు. వైస్రాయి కార్యనిర్వాహక సభలో సభ్యులు. శ్రీనివాసశాస్త్రిగారు కూడా ఆ వర్గంలో ఉన్నారు. తర్వాత అక్కడ భారత ఏజెంటుగా మొదట పనిచేసినది ఆయనే. శాస్త్రిగారి పేరు పాఠ్యపుస్తకాల్లో మిగిలింది. హబీబుల్లా సాహెబు పేరు మనవాళ్లలోనే చాలామందికి తెలియదు. ఇది విచారకరం.

ఆ ఒడంబడిక ప్రకారం ఇష్టపడి భారతదేశానికి తిరిగి వచ్చేవారికి రైలు, ఓడ ఖర్చులు ఉచితం. పెద్దవారికి తలకు 20 పౌన్లు, పదహారేళ్ల లోపు పిల్లలకు 10 పౌన్లు ఇనాముగా ఇస్తారు. పని చేయలేని ముసలివారికి ఏర్పాటు వేరుగా ఉంది. ఆనాటి మారకం రేటు రూపాయికి పద్దెనిమిది పెన్నీలు. తల్లి, తండ్రి, ముగ్గురు పిల్లలున్న కుటుంబానికి 70 పౌన్లు, అంటే సుమారు 933 రూపాయలు. ఆ రోజుల్లో అది మన పల్లెల్లో చిన్న పైకం కాదు.

ఇందులో మెచ్చుకోవలసినది ఒకటుంది. వచ్చినవారిని దిగిన రేవులో చూసుకోవటం, వారి డబ్బు మోసగాళ్ల పాలు కాకుండా కాపాడటం, పనిలో కుదిర్చే ప్రయత్నం చేయటం తన బాధ్యత అని భారత ప్రభుత్వం ఒప్పుకుంది. మద్రాసులో అందుకోసం ఒక ప్రత్యేక అధికారిని కూడా పెట్టారు. టికెట్టు దాటి ఇంటి గడప వైపు సర్కారు చూపు పడటం ఇదే మొదలనవచ్చు. మన గుంటూరు జిల్లా అప్పుడు మద్రాసు రాజధానిలోనిదే.

బాధ పెట్టే షరతూ ఉంది. ఇనాము తీసుకొని వచ్చినవాడు మళ్లీ పోదలచుకుంటే ఏడాది తర్వాత, మూడేళ్ల లోపల, తీసుకున్న పైకం తిరిగి కట్టి పోవాలి. మూడేళ్లు దాటితే అక్కడి నివాసపు హక్కు పూర్తిగా పోతుంది. తండ్రికి పాత ఊరు జ్ఞాపకం ఉండవచ్చు. కాని డర్బన్‌లో పుట్టి, అక్కడి తోటల మధ్య పెరిగి, తెలుగు అరకొరగా వచ్చిన పిల్లవాడికి మద్రాసు రేవు పరాయి రేవే. వాడి తరఫున తండ్రి వేలిముద్ర వేశాడు. మూడేళ్ల తర్వాత వాడికి పుట్టిన దేశం లేకుండా పోయింది. తలకు 10 పౌన్లు వాడికి ఇచ్చిన వెల.

తిరిగి వచ్చినవారిని ఊళ్లు ఎలా చూశాయో కూడా చెప్పుకోవాలి. ఫిజీ, డెమరారా, నేటాల్ నుంచి వచ్చి ఊరివారు చేర్చుకోనివారు కలకత్తా శివారు మటియాబుర్జులో గుడిసెలు వేసుకొని, మళ్లీ ఏ ఓడయినా ఎక్కిస్తారేమోనని ఎదురుచూశారు. భవానీదయాళ్ సన్యాసి, బనారసీదాస్ చతుర్వేదిగార్లు 1931లో వారిమీద ఒక నివేదిక ప్రకటించారు. కులం కట్టుబాట్లు, దాయాదుల ఆస్తి తగాదాలు, అక్కడ చేసుకున్న పెండ్లిళ్లు ఇక్కడ ఒప్పుకోకపోవటం, ఇవన్నీ పిల్లల నెత్తిన పడ్డాయి. మన మతంలో కులం లేదని మనం గొప్పగా చెప్పుకుంటాం. కాని అరబ్బు దేశంలో పుట్టిన బిడ్డ తండ్రి ఎవరని గుసగుసలాడే నోళ్లు మన మహల్లాల్లోనూ ఉన్నాయి కదా.

రంగం నుంచి వచ్చినవారు

తెలుగువారికి పరదేశమంటే చాలాకాలం రంగమే. రంగూన్‌ను మన పెద్దలు రంగం అనేవారు. 1930లలో బర్మాలో తెలుగువారు లక్షకు పైబడి ఉండేవారు. కోరంగి రేవు పేరుమీద వారిని అక్కడివారు 'కోరంగీలు' అనేవారు. ఓడరేవు హమాలీ పని వారిది. 1930 మే నెలలో రంగూన్ రేవులో ఈ తెలుగు హమాలీలకూ బర్మావారికీ జరిగిన కొట్లాట ఊరంతా పాకింది. 1937 ఏప్రిల్ 1న బర్మాను భారతదేశం నుంచి విడదీశారు. అంతవరకు సొంత దేశంలో ఒక మూల అనుకున్నది ఒక్కరోజులో విదేశమయింది.

1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. ఆ తర్వాత నాలుగైదు నెలల్లో నాలుగైదు లక్షలమంది భారతీయులు అరకాన్ దారినో, మణిపూర్ దారినో నడిచి బయటపడ్డారు. దారిలో కలరా, మలేరియా, ఆకలికి వేలకు వేలు పోయారు. పిల్లలు ఎందరో ఎవరూ లెక్కపెట్టలేదు.

రెండోసారి వచ్చినవారి కథ వేరు. 1962 మార్చిలో జనరల్ నెవిన్ అధికారం తీసుకున్నాడు. 1964లో దుకాణాలను జాతీయం చేశారు, పెద్ద నోట్లను రద్దుచేశారు. మూడు లక్షలమంది వరకు భారతీయులు సంపాదన అక్కడే వదిలి ఓడలెక్కారు. బర్మా స్త్రీలను పెండ్లాడిన మన ముసల్మానుల పిల్లలకు అక్కడ 'జెర్‌బాదీలు' అని పేరుండేది. అటు పూర్తిగా బర్మావారు కారు, ఇటు పూర్తిగా మనవారు కారు. విశాఖపట్టణంలో 'బర్మా క్యాంపు' అనే పేటపేరు ఆ రోజులకు గుర్తుగా మిగిలింది.

ఈసారి ప్రభుత్వం కొంత స్థిరంగా ఆలోచించింది. అదే ఏడాది అక్టోబరు 30న సిరిమావో - శాస్త్రి ఒప్పందంతో సిలోను నుంచి 5,25,000 మందిని మన దేశం స్వీకరించడానికి ఒప్పుకుంది. బర్మా, సిలోను రెండు చోట్ల నుంచి వచ్చినవారి పునరావాసం కోసం 1969లో రెప్కో బ్యాంకు పెట్టారు. కేంద్రంతో బాటు మన రాష్ట్రం కూడా అందులో వాటాదారు. ప్రభుత్వోద్యోగాల ప్రకటనల్లో చాలా ఏళ్లు ఒక వాక్యం అచ్చయ్యేది. 1963 జూన్ 1న గాని, ఆ తర్వాత గాని బర్మా నుంచి వచ్చినవారికి వయసు సడలింపు అని. ఆ తేదీకి ఒకరోజు ముందు దిగినవారికి లేదు. తల్లి ఒడిలో వచ్చిన బిడ్డ ఇరవై ఏళ్ల తర్వాత ఉద్యోగానికి దరఖాస్తు పెట్టినప్పుడు, ఆనాడు తల్లి దాచిన కాగితం వాడి చేతిలో ఉంటేనే ఆ సడలింపు.

కువైట్ నుంచి

1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌లో ప్రవేశించాయి. లక్షా డెబ్భై వేలకు పైగా మనవాళ్లు చిక్కుకుపోయారు. ఎడారి దాటి జోర్డాన్ రాజధాని అమ్మాన్ చేరినవారిని ఎయిరిండియా 59 రోజుల్లో 488 విమానాల్లో బొంబాయి తీసుకువచ్చింది. ఇది ప్రపంచంలోనే పెద్దదిగా పేరు పొందిన విమాన తరలింపు. అందుకు మనం గర్వపడవచ్చు. బొంబాయిలో దిగిన తర్వాత ఏమిటన్నది మళ్లీ పాత ప్రశ్నే.

ఈసారి జవాబు ఐక్యరాజ్యసమితి నుంచి వచ్చింది. 1991లో భద్రతామండలి ఒక నష్టపరిహార సంఘాన్ని పెట్టింది. యుద్ధం వలన కువైట్ విడిచిన ప్రతివాడూ, పోయిన ఆస్తికి రుజువులు చూపనక్కరలేకుండా, విడిచినట్లు మాత్రం చూపితే చాలు, కట్టిన లెక్క ఒకటి ఇస్తామన్నారు. వేరే నష్టాలకు అడగనని ఒప్పుకుంటే ఒంటరివాడికి 4,000 డాలర్లు, కుటుంబానికి 8,000 డాలర్లు. వేరేగా కూడా అడిగేవారికి 2,500, 5,000. పేదవాడి దగ్గర రసీదులుండవని గుర్తించిన పద్ధతి ఇది. కూలి చేసుకొనేవాడికి చట్టం ఇంత మర్యాద చేయటం అరుదు. అయినా కుటుంబమంటే ఒక బిడ్డయినా అయిదుగురయినా అదే 8,000. నేటాల్‌లో సగం లెక్కకు వచ్చిన బిడ్డ ఇక్కడ విడిగా లెక్కకే రాలేదు.

మన దేశపు చట్టాలు ఈ లోపల మారుతూ వచ్చాయి. 1922 నాటి వలస చట్టం పోయి 1983లో కొత్తది వచ్చింది. 2003లో ప్రవాసీ భారతీయ బీమా యోజన పెట్టారు. ఇమిగ్రేషన్ క్లియరెన్సుతో పోయే కూలీలకు ఇది తప్పనిసరి. ఇప్పుడు బీమా మొత్తం 10 లక్షలు. 2009లో మన రాయబార కార్యాలయాల దగ్గర భారత సముదాయ సంక్షేమ నిధి ఏర్పడింది. చిక్కుకుపోయినవారికి తిండి, వసతి, వైద్యం, ఇంటికి టికెట్టు దానినుంచి ఇస్తారు. ఇది దయాధర్మం కాదు. పాసుపోర్టు పనులకు మనవాళ్లు కట్టే రుసుములతోనే ఆ నిధి నిండుతుంది.

వచ్చిన తర్వాత స్థిరపడటాన్ని కూడా లక్ష్యంగా పెట్టుకొని కేంద్రం నడిపినది మహాత్మాగాంధీ ప్రవాసీ సురక్షా యోజన. 2012లో మొదలయింది. కూలివాడు కొంత కడితే సర్కారు కొంత కలిపి, పింఛనుకూ తిరిగివచ్చాక స్థిరపడటానికీ జమ చేసే ఏర్పాటు. ఆడవారికి సర్కారు వాటా ఎక్కువ. చేరినవారు లేక 2017లో మూసేశారు. చేరలేదని కూలీలను తప్పుపట్టడం సులువు. ఏజెంటు అప్పు తీర్చటానికే జీతం చాలని మనిషి ఇరవై ఏళ్ల తర్వాతి పింఛనుకు కడతాడా? కేరళవారు 1996లోనే ప్రవాసులకు ప్రత్యేక శాఖ పెట్టి, 2008లో సంక్షేమ చట్టం చేసుకొని, తిరిగివచ్చినవారికి పింఛను, కష్టకాలంలో సాయం ఇస్తున్నారు. ఫిలిప్పీన్సువారు 1995 చట్టంలోనే తిరిగివచ్చినవారి కోసం ఒక కేంద్రం వ్రాసుకున్నారు. మన రాష్ట్రంలో ఏపీఎన్ఆర్‌టీ సొసైటీ బీమా, శవాల తరలింపు వంటి పనులు చేస్తున్నది. అది మంచి పనే. కేరళతో పోల్చుకుంటే మనం చాలా వెనుకబడి ఉన్నాం.

ఒక్కమాట ముఖ్యం. ఇంట్లో పనికి పోయే ఆడవారికి ముప్పై ఏళ్లు నిండాలని నిబంధన పెట్టారు. ఏజెంట్లు దాన్ని తప్పించటానికి విజిట్ వీసా మీద పంపుతారు. అలా పోయినవారికి ఆ తప్పనిసరి బీమా ఉండదు. అకామా గడువు దాటి యజమాని ఇల్లు విడిచినవారిని మనవాళ్లు 'కల్లివెల్లి' అంటారు. కల్లివెల్లి అయిన తల్లికి బిడ్డ పుడితే అక్కడ జనన పత్రం దొరకటం కష్టం. చెల్లే అకామా, పెండ్లి కాగితం అడుగుతారు. 2018లో కువైట్, ఎమిరేట్సు ప్రభుత్వాలు క్షమాభిక్ష ప్రకటించినప్పుడు, మళ్లీ 2024లో ఎమిరేట్సులో ప్రకటించినప్పుడు, ఔట్‌పాసుతో వచ్చే తల్లులకు పెద్ద చిక్కు ఈ బిడ్డల కాగితమే.

ఇక మన ధర్మం సంగతి. జకాతుకు అర్హులు ఎనిమిది తరగతులని ఖురాన్‌లోని తౌబా సూరా అరవయ్యవ ఆయతులో ఉంది. చివరి తరగతి ఇబ్నుస్సబీల్, దారిలో ఉన్న బాటసారి. ఇంటి దగ్గర ఆస్తి ఉన్నవాడైనా దారిలో చేయి ఖాళీ అయితే అతనికి హక్కు ఉన్నదని ఉలమా చెబుతారు. ఓడ కంపెనీల కంటె, రాయబార కార్యాలయాల కంటె పన్నెండు వందల ఏళ్లు ముందే వ్రాసిన తిరుగు ప్రయాణపు హక్కు ఇది. అయితే ఇల్లు చేరినవాడు బాటసారి కాడు గదా అని సందేహం రావచ్చు. అదే ఆయతులో ఫకీరు, మిస్కీను ఉన్నారు, అప్పుల పాలైన గారిమీను ఉన్నారు. ఏజెంటు అప్పుతో కుంగిన తల్లి ఆ తరగతిలోకి రాదంటారా? మన మస్జిదు కమిటీలు జకాతును రంజాను చీరలకూ బియ్యానికీ పరిమితం చేయకుండా ఆలోచించవలసిన విషయమిది.

బిడ్డ కాగితం

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. రాజుపాలెంలో దిగిన తల్లికో తండ్రికో చట్టం ఏమిస్తున్నది?

ముందు బిడ్డ పౌరసత్వం. పరదేశంలో పుట్టిన బిడ్డకు 1992 డిసెంబరు 10 వరకు తండ్రి భారతీయుడయితేనే మన పౌరసత్వం. తల్లి భారతీయురాలైతే చాలదు. అరబ్బును పెండ్లాడి విడాకులతో హైదరాబాదు తిరిగి వచ్చిన ఆడబిడ్డ తన చంటివాడికి పుట్టింట్లోనే పరదేశి వీసా చూపవలసిన స్థితి అది. ఆ తేదీ నుంచి తల్లిదండ్రుల్లో ఎవరైనా సరే అన్నారు. 2004 డిసెంబరు 3 నుంచి మళ్లీ ఒక గడువు వచ్చింది. పుట్టిన ఏడాదిలోగా అక్కడి మన కాన్సులేటులో నమోదు చేయించాలి. దాటితే కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. మన పౌరులకు గల్ఫులో పుట్టిన బిడ్డకు ఆ దేశం పౌరసత్వం ఇవ్వదు. ఇక్కడిదీ నమోదు కాకపోతే బిడ్డ ఎవరి ఖాతాలోనూ ఉండడు. ఒంటరి తల్లి ఇంకొకటి తెలుసుకోవాలి. 2016 డిసెంబరు నుంచి పాసుపోర్టు దరఖాస్తులో తల్లిదండ్రుల్లో ఒకరి పేరు వ్రాస్తే చాలు.

తర్వాతది జనన నమోదు. 1969 జనన మరణ నమోదు చట్టంలో 20వ సెక్షను అని ఒకటుంది. పరదేశంలో పుట్టి, కాన్సులేటులో నమోదు కాని బిడ్డను తల్లిదండ్రులు ఇక్కడ స్థిరపడే ఉద్దేశంతో తీసుకువస్తే, బిడ్డ వచ్చిన తేదీ నుంచి అరవై రోజుల్లోగా ఇక్కడే పుట్టినట్లుగా మన రిజిస్ట్రారు దగ్గర నమోదు చేయించవచ్చు. అరవై దాటితే ఆలస్యపు నమోదు పద్ధతి, జరిమానా, అఫిడవిట్లు. ఏడాది దాటితే మెజిస్ట్రేటు ఉత్తర్వు. 2023 సవరణ తర్వాత ఆ ఉత్తర్వు జిల్లా కలెక్టరో, సబ్ డివిజన్ అధికారో, వారు అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేటో ఇస్తారు. మనకు సత్తెనపల్లి ఆర్డీఓ, లేదా 2022 ఏప్రిల్ 4 నుంచి జిల్లా కేంద్రమయిన నరసరావుపేట. ఈ నమోదు పౌరసత్వానికి బదులు కాదు. రెండూ వేర్వేరు పనులు, రెండూ చేయించుకోవాలి. అదే సవరణ ప్రకారం 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేర్పు మొదలు పాసుపోర్టు దాకా జనన పత్రమే ఆధారం. కాబట్టి ఈ అరవై రోజుల విలువ ఇప్పుడు మునుపటి కంటె పెరిగింది. పంచాయతీ కార్యదర్శికి ఈ సెక్షను గుర్తు లేకపోతే ఆశ్చర్యపడనక్కరలేదు. సెక్షను నెంబరు వ్రాసి దరఖాస్తు ఇచ్చి, రసీదు తీసుకోవాలి.

బడికి మాత్రం ఇవేవీ అడ్డురాకూడదు. 2009 విద్యాహక్కు చట్టం 14వ సెక్షను ప్రకారం వయసు రుజువు లేదని ఏ బిడ్డనూ బడిలో చేర్చుకోకుండా ఉండరాదు. 4వ సెక్షను ప్రకారం వయసుకు తగిన తరగతిలో చేర్చుకొని, వెనుకబడినదానికి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. అరబ్బీ, ఇంగ్లీషు మాత్రమే వచ్చిన ఎనిమిదేళ్ల పిల్లవాణ్ణి ఒకటో తరగతిలో కూర్చోబెట్టరాదు. ఆరేళ్లలోపు వారికి అంగన్‌వాడీ ఉంది. 1975 నుంచి నడుస్తున్నది. మనవాళ్లు కొందరు పరదేశం నుంచి వచ్చి అంగన్‌వాడీ గుడ్డుకు పంపటం నామోషీ అనుకుంటారు. నామోషీ పెద్దలది, గుడ్డు బిడ్డది.

రేషను కార్డు, పింఛను, తల్లికి వందనం వంటివి గ్రామ సచివాలయం నుంచే నడుస్తాయి. ఆ లెక్కల్లో కుటుంబం పేర్లు ఎక్కి ఉండాలి. ఏళ్ల తరబడి బయట ఉన్న తల్లి పేరు పుట్టింటి కార్డులోనో అత్తింటి కార్డులోనో ఉండిపోతుంది. పిల్లల పేర్లు ఎక్కడా ఉండవు. ముందు తన పేరు విడదీయించుకొని, పిల్లల్ని తన కింద ఎక్కించుకుంటేనే మిగిలినవి కదులుతాయి. తల్లికి వందనం బడి హాజరు మీద కూడా ఆధారపడుతుంది గనుక బడిలో చేర్చటం ఆలస్యం చేయరాదు. భర్త అక్కడ మరణిస్తే ఆ మరణాన్ని మన కాన్సులేటులో నమోదు చేయించి ఆ పత్రం తెచ్చుకోవాలి. వితంతు పింఛనుకు అదే మూలం. భర్త వదిలేసినవారికి ఒంటరి మహిళ పింఛను ఉంది. వయసు నిబంధన, ఒంటరిగా ఉంటున్నట్లు తహసీల్దారు ధ్రువీకరణ అడుగుతారు. 2024 జులై నుంచి ఈ రెండు పింఛన్లూ నెలకు 4,000 రూపాయలు.

ఇంకొక చిన్న సంగతి. అరవై రోజుల లెక్కకు బిడ్డ వచ్చిన తేదీ చూపాలి. ఔట్‌పాసు మీద వచ్చినవారి కాగితాన్ని శంషాబాదులో ఇమిగ్రేషన్‌వాళ్లు తీసేసుకోవటం మామూలు. అందుచేత విమానం ఎక్కకముందే ఆ కాగితానికి రెండు వైపులా ఫోటో తీయించి ఇంటికి పంపించాలి, బోర్డింగు పాసు చింపకుండా దాచాలి, ఆసుపత్రివాళ్లు ఇచ్చిన కాన్పు చీటీ అరబ్బీలో ఉన్నా పారవేయరాదు. అరబ్బీ చదవగలవారు మన మదరసాలో ఉన్నారు. దాని అర్థం తెలుగులో వ్రాసి ఇవ్వటం వారికి అరగంట పని.